రీస్టోర్‌కి కూర్చునే ముందు నెట్‌వర్క్ సంగతి చూసుకోండి

సర్వర్ మారుస్తున్నారా? బ్యాకప్ ఉందిగా అని ధీమాగా ఉండకండి. రీస్టోర్ (బ్యాకప్ నుంచి ఫైళ్లను తిరిగి తెచ్చుకోవడం) ఆగిపోయినప్పుడు చాలాసార్లు బ్యాకప్ ఫైళ్లు శుభ్రంగానే ఉంటాయి. వాటి దగ్గరికి వెళ్లే దారే ఉండదు. లేదా రీస్టోర్ అయిన ఫైళ్లే ఆ దారిని మూసేస్తాయి.

పాత మెషీన్ నడుస్తుండగానే దాని ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్, వీల్యాన్ నంబర్ (స్విచ్‌లో మీ నెట్‌వర్క్ విభాగానిది), ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) రాసిపెట్టుకోండి. ఆ రాసుకున్నది అదే మెషీన్‌లో దాచకండి. నవ్వొద్దు, నేను దాచాను.

ఎక్కువ మంది బోల్తాపడేది ఇంటర్‌ఫేస్ పేర్ల దగ్గర. ఇప్పటి లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు సాధారణంగా అది ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి వస్తుంది. పాత పెట్టెలో ఈఎన్‌పీ3ఎస్0 అయినది కొత్తదాంట్లో ఈఎన్ఎస్192 కావచ్చు. ఈటీసీ (సెట్టింగుల ఫోల్డర్) మొత్తం రీస్టోర్ చేశారంటే సెట్టింగులన్నీ లేని కార్డుకి అంటుకుని ఉంటాయి. బూట్ అవుతుంది, లాగిన్ వస్తుంది, ఐపీ మాత్రం ఉండదు. అందుకే నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్, నెట్‌వర్క్‌మేనేజర్ ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి దించుకుని, పేర్లు సరిచేశాకే అసలు చోట పెట్టండి. యూడెవ్ రూల్స్‌లో (కార్డులకి పేర్లు పెట్టే ఫైళ్లలో) పాత మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ నంబర్) రాసి ఉంటే అదీ తీసేయాలి.

ఎంటీయూ ఇంకా దొంగ సమస్య. ఓసారి నాకు ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకున్న ఫోల్డర్) మౌంట్ అయింది, ఫైళ్ల పేర్లు టకటకా కనిపించాయి, కాపీ మొదలుపెడితే మొదటి పెద్ద ఫైలు దగ్గరే బిగుసుకుపోయింది. మామూలు పింగ్ చక్కగా వెళ్తోంది. రెండు కొసల్లోనూ ఎంటీయూ 9000, మధ్యలో కొత్త స్విచ్ మాత్రం 1500 దగ్గరే ఉంది. ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని చెప్పి 8972 బైట్లతో పింగ్ కొడితే జవాబు లేదు, 1472తో కొడితే వచ్చింది. మిగతా 28 బైట్లు హెడర్లవి. ఈ పరీక్షకి నిమిషం పట్టదు, ముందే చేసేయండి.

బ్యాకప్ సర్వర్ ఫైర్‌వాల్ పాత ఐపీనే లోపలికి రానిస్తుందేమో కనుక్కోండి. ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి లాగిన్) పోర్టు 22, ఆర్‌సింక్ డీమన్‌కి (ఫైళ్లు కాపీ చేసే సర్వీసు) 873, ఎన్ఎఫ్ఎస్‌కి 2049 తెరిచి ఉండాలి. 'టైమౌట్' అంటే ప్యాకెట్ దారిలోనే తప్పిపోతోంది, ఫైర్‌వాల్‌నీ రూటునీ చూడండి. 'రెఫ్యూజ్డ్' అంటే అక్కడిదాకా చేరింది, కానీ చాలావరకు సర్వీసే నడవట్లేదు. ముందు ఐపీతో ప్రయత్నించి, ఆ తర్వాతే పేరుతో చూస్తే తప్పు డీఎన్ఎస్‌దా కాదా తేలిపోతుంది.

ఎఫ్ఎస్‌టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలు) ఐస్కజీ డిస్కులు, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చేవి ఉంటే వాటికి '_నెట్‌డెవ్' (నెట్‌వర్క్ వచ్చాకే తగిలించు), 'నోఫెయిల్' (డిస్కు లేకపోయినా బూట్ కానివ్వు) ఆప్షన్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సిస్టమ్‌డీ (లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది.

పాత మెషీన్ కేబుల్ పీకకుండా అదే ఐపీతో కొత్తది లేపకండి, రెండూ కొట్టుకుంటాయి. రెస్క్యూ యూఎస్‌బీతో కొత్త మెషీన్‌ని ఒకసారి బూట్ చేసి, నెట్‌వర్క్ కార్డుని గుర్తుపడుతోందో లేదో ముందురోజే చూడండి. ఒక చిన్న ఫోల్డర్ రీస్టోర్ చేసి చూస్తే మరీ మంచిది.

రీస్టోర్‌ని టీమక్స్‌లోనే (టెర్మినల్‌ని సర్వర్‌లోనే బతికించి ఉంచే ప్రోగ్రామ్) నడపండి, సెషన్ తెగినా పని ఆగదు. కన్సోల్‌కి (నెట్‌వర్క్ లేకున్నా మెషీన్ ముందు కూర్చున్నట్టే వాడే స్క్రీన్) వెళ్లే దారి, రూట్ పాస్‌వర్డ్ మాత్రం చేతిలో ఉండాలి. నెట్‌వర్క్ ఫైళ్లు మారాక ఎస్ఎస్‌హెచ్ మళ్లీ కలవకపోతే మీకు మిగిలేది ఆ కన్సోల్ ఒక్కటే.