మానిటర్ ఆపేసి లినక్స్ ఇన్‌స్టాల్ చేద్దాం

చూపు లేని ఫ్రెండ్‌కి లినక్స్ పెట్టివ్వమంటే మనలో చాలామంది మొత్తం మనమే చేసేసి, చివర్లో స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి చేతికిస్తాం. అలా చేయకండి. రేపు సిస్టమ్ పాడైతే మళ్లీ మీకోసమే ఎదురుచూడాలి. మొదటి బూట్ నుంచే వాళ్లనే చేయనివ్వండి, మీరు పక్కన కూర్చుంటే చాలు.

దీనికి లినక్స్ రకాల్లో డెబియన్ బాగుంటుంది. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే మెనూ రాగానే బీప్ వస్తుంది, పాత బయోస్ మెషీన్లయితే ఒకసారి, యూఈఎఫ్ఐ ఉన్న కొత్తవైతే రెండుసార్లు. వినపడగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టాలి. కాసేపటికి మాటలు మొదలవుతాయి. సౌండ్ కార్డులు ఒకటికంటే ఎక్కువ ఉంటే ఒక్కోదాని నుంచి పలకరిస్తుంది, మీకు వినపడే దాని దగ్గర ఎంటర్ కొట్టండి (ఏమీ వినపడలేదని కంగారుపడి రీస్టార్ట్ చేసేది ఇక్కడే, కాస్త ఆగండి). ఆ తర్వాత ప్రతి ప్రశ్నకీ జవాబులను నంబర్లతో చదువుతుంది, కావాల్సిన నంబర్ కొట్టి ఎంటర్. డిస్క్‌ని భాగాలు చేసే పార్టిషన్ల దగ్గర మాత్రం తొందర వద్దు, అక్కడ తప్పు నంబర్ కొడితే పాత డేటా పోతుంది. యూఎస్‌బీ బ్రెయిలీ డిస్‌ప్లే (వేళ్లతో తడిమి చదివేది) ఉంటే బూట్‌కి ముందే తగిలించండి. ఇలా మాటలతో ఇన్‌స్టాల్ చేస్తే కొత్త సిస్టమ్ కూడా మాట్లాడుతూనే లేస్తుంది.

డెస్క్‌టాప్‌లో చదివే స్క్రీన్ రీడర్ ఓర్కా. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో సూపర్ (విండోస్ గుర్తున్న కీ), ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్. ముందు నేర్పాల్సింది ఒక్కటే: ఇన్సర్ట్ పట్టుకుని హెచ్ నొక్కితే లెర్న్ మోడ్ వస్తుంది, అందులో ఏ కీ నొక్కినా అదేం చేస్తుందో చెబుతుంది, ఎస్కేప్‌తో బయటికి. ఇన్సర్ట్, స్పేస్ కలిపితే సెట్టింగ్స్. ల్యాప్‌టాప్ లేఅవుట్ పెట్టుకుంటే ఇన్సర్ట్ బదులు క్యాప్స్‌లాక్. గొంతు ఈస్పీక్ ఎన్‌జీ అనే మాటలు పలికే ప్రోగ్రామ్‌ది, తెలుగూ చదువుతుంది, వినడానికి మాత్రం అచ్చం రోబోనే. మనకి చిరాకేస్తుంది గానీ, స్పీడ్ బాగా పెంచినా మాట చెదరదని దాన్నే ఇష్టపడేవాళ్లున్నారు. మీకు నచ్చిందని తియ్యటి గొంతు పెట్టేయకండి, వాళ్లనే అడగండి.

మీరు ప్రోగ్రామ్ రాసేవాళ్లయితే ఇంకో పని. ఓర్కా స్క్రీన్‌ని చూసి చదవదు, ఏటీ-ఎస్‌పీఐ (ప్రోగ్రామ్‌లకీ స్క్రీన్ రీడర్‌కీ మధ్య వారధి) ద్వారా మీ ప్రోగ్రామ్ చెప్పిందే చదువుతుంది. బొమ్మ బటన్‌కి పేరు పెట్టకపోతే వినేవాళ్లకి వినపడేది "బటన్" అంతే, ఏ బటనో దేవుడికే తెలియాలి. ఓర్కా ఆన్ చేసి, మానిటర్ ఆపి, మౌస్ పక్కనపెట్టి, మీ ప్రోగ్రామ్‌లో ట్యాబ్‌తోనే ఒక ఫైల్ తెరిచి సేవ్ చేసి చూడండి. ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడే రిపేర్ మొదలుపెట్టండి, ఏ బటన్‌కి పేరు లేదో యాక్సర్సైజర్ అనే టూల్ చూపిస్తుంది.