చెత్త దిబ్బ మీద మీథేన్ తినే పొర: 4వ పాఠం – ఎరువు చివికిందా, గాలి ఆడుతోందా?

చెత్త కుళ్లి దిబ్బలోంచి లేచే మీథేన్ గ్యాస్‌ను బయటికి పోనివ్వకుండా తినేసే పొర కోసం, పోయిన పాఠంలో దిబ్బ మీద కంకర వేసి, దాని మీద మూడడుగుల మందాన కంపోస్టు ఎరువు పరవమన్నాను. పరిచినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: రెండు వారాలకే పొర లోపల వేడెక్కిపోతోంది, పుల్లటి వాసన వస్తోంది, గ్యాస్ మీటరులో మీథేన్ ముందుకన్నా ఎక్కువ చూపిస్తోంది. తప్పు నాది. కంపోస్టు అని రాసి ఊరుకున్నాను, బాగా చివికినదే వాడాలని చెప్పలేదు. ఈసారి తడి గురించి రాద్దామనుకున్నాను కానీ, ముందు ఇది సరిచేయాలి.

పొరలో పనిచేసేవి మెథనోట్రోఫ్‌లు, అంటే మీథేన్‌ను తిని బతికే బాక్టీరియా. ఇలాంటివి ఉన్నాయని 1906 నుంచే తెలుసు. వాటికి మీథేన్ కింద దిబ్బ నుంచి అందుతుంది, ఆక్సిజన్ పైనుంచి దిగాలి. పచ్చి ఎరువు వేస్తే అందులో ఇంకా కుళ్లుతున్న పదార్థమే ఆ ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మెథనోట్రోఫ్‌లకు ఏమీ మిగలదు. గాలి పూర్తిగా అయిపోయిన చోట ఎరువే మీథేన్ వదలడం మొదలుపెడుతుంది. మీ మీటరు చూపించింది దాన్నే.

చివికిందో లేదో తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఎరువు కాస్త తడిపి పాలిథిన్ కవరులో మూటకట్టి నీడలో వారం ఉంచండి. విప్పగానే అడవి మట్టి వాసన వస్తే సరే. పులుపో, ముక్కు మండించే అమ్మోనియా ఘాటో తగిలితే ఇంకా పచ్చిదే. నేను మాత్రం మెంతులనే నమ్ముతాను. ఒక పళ్లెంలో ఎరువు, ఇంకో పళ్లెంలో మామూలు తోట మట్టి వేసి ఇరవయ్యేసి గింజలు చల్లుతాను. నాలుగో రోజుకు మట్టిలో పద్దెనిమిది మొలిచి ఎరువులో ఆరే మొలిస్తే, వాటి వేరు కొసలు గోధుమరంగుకు తిరిగితే, ఆ కుప్పను ఇంకో రెండు నెలలు తిరగేస్తూ మాగనిస్తాను. ఇప్పటికే పచ్చిది పరిచేసినవాళ్లు దాన్ని తీసి పక్కన కుప్ప పోయండి. అది పాడైపోలేదు, మాగాక మళ్లీ వాడుకోవచ్చు.

బాక్టీరియా పొడి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. కొనకండి. వరి మడి మట్టిలోనూ, పాత దిబ్బ పైమట్టిలోనూ అవి ముందే ఉన్నాయి. ట్రాక్టరు ఎరువుకు అలాంటి పైమట్టి నాలుగు గమేళాలు కలుపుతాను, అంతే. అవి పెరిగి పని అందుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇక జేసీబీ సంగతి. పొర పరిచాక దాని మీద జేసీబీని తిప్పి గట్టిగా అణిచామని గర్వంగా రాసినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రోడ్డుకైనా చెరువు కట్టకైనా అణచడం మంచిదే, అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ఇక్కడ లెక్క వేరు. ఒక లీటరు మీథేన్ పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే, అంటే ఆక్సిజన్‌తో కలిసి మారిపోవాలంటే, రెండు లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి, దాదాపు తొమ్మిదిన్నర లీటర్ల గాలి లోపలికి దిగాలి. అణిచిన ఎరువులో అంత గాలికి దారేది? కింది గ్యాస్ మాత్రం ఆగదు. దిబ్బ అంచులకో, పగుళ్లకో చేరి ఒకేచోట ఉబికి బయటపడుతుంది. వాన వెలిశాక అంచుల వెంట నడిచి చూడండి, నీటి గుంటల్లో బుడగలు వరసగా లేస్తుంటాయి. గడ్డి అంతటా పచ్చగా ఉండి ఒక్కచోట పళ్లెమంత మేర పసుపెక్కితే అక్కడా గ్యాసే అనుకోవాలి, వేళ్లకు గాలి అందక ఎండుతున్నాయి. అందుకే ఎరువును పారలతో పరిచి, చెక్క పలకతో సర్ది వదిలేయండి. దాని మీద మనుషులు తిరిగినా పలకలు వేసుకునే తిరగాలి. ఎరువు మరీ మెత్తగా ఉంటే మూడో వంతు చెక్క ముక్కలు కలపండి. రంపపు పొట్టు వద్దు, అదీ అణిగిపోతుంది.

గ్యాస్ ఉందో లేదో చూడ్డానికి అగ్గిపుల్ల గీయకండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది.

అభ్యాసం: పొర మీద ఐదు చోట్ల గుర్తు కర్రలు పాతండి. ఒక్కోచోట అరడుగు, అడుగు, రెండడుగుల లోతుల్లో ఉష్ణోగ్రత 21 రోజులపాటు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి రాయండి. ఈ లోపల బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఆ రోజుల్లో మీటరు రీడింగు తప్పకుండా తీయండి. గాలి పీడనం తగ్గినప్పుడు దిబ్బ గ్యాస్‌ను ఎక్కువగా వదులుతుంది. ఆ రోజుల అంకెల కింద ఎర్ర గీత గీసి పంపండి. వచ్చే పాఠంలో తడి లెక్కలు వాటితోనే మొదలుపెడతాను.