పూర్తికాల సేవకు పిలుపు: రాజీనామా చేసేముందు చేయాల్సిన పనులు

ఉజ్జీవ కూడికల ఆఖరి రాత్రి "పూర్తికాల సేవకు సమర్పించుకునేవారు ముందుకు రండి" అనగానే ఉద్యోగం మాని దేవుని పనికే అంకితమవ్వాలని కన్నీళ్లతో లేచి వెళ్లినవారి తీర్మానం నిజమైనదే. దాన్ని ఎవరూ చులకన చేయకూడదు. అయితే ఆ వారంలోనే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. బాల సమూయేలుకు స్వరం మూడుసార్లు వినబడినా, పిలుస్తున్నది యెహోవా అని గ్రహించింది యాజకుడైన ఏలీ. తిమోతికి లుస్త్రలోనూ ఈకొనియలోనూ ఉన్న సహోదరుల దగ్గర మంచిపేరు ఉంది కాబట్టే పౌలు అతణ్ణి వెంట తీసుకెళ్లాడు. పిలుపు మీ గుండెలో మొదలవుతుంది, దాన్ని తేల్చాల్సింది మాత్రం మీ సంఘం.

ముందుగా పాస్టర్‌గారితో ఏకాంతంగా మాట్లాడండి. ఫేస్‌బుక్‌లో పెట్టడానికి చాలా సమయం ఉంది. ఈ భారం ఎప్పటినుంచి ఉంది, ఏ వాక్యం మిమ్మల్ని కదిలించింది, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు, అప్పులెన్ని ఉన్నాయి అనే నాలుగు విషయాలూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. కనీసం ఒక ఏడాది సంఘంలో జీతం లేని పని అప్పగించమని అడగండి. మైకు పట్టుకునే పని అడగవద్దు. సండే స్కూల్లో ఒక తరగతి, కాటేజీ ప్రార్థనలు (ఇళ్లలో జరిగే కూడికలు), ఆసుపత్రి పరామర్శలు, భూస్థాపన పనులు చాలు. కాపరి బతుకులో ఎక్కువ భాగం ఇదే కాబట్టి ఇక్కడే మీకూ సంఘానికీ సంగతి తెలిసిపోతుంది.

ఆసుపత్రి పరామర్శనే తీసుకోండి. వెళ్లేముందు ఫోన్ చేసి చూడనిచ్చే వేళలు కనుక్కోండి. మంచం మీద కూర్చోవద్దు. రోగిని మాట్లాడనివ్వండి, జబ్బు వివరాలు గుచ్చిగుచ్చి అడగవద్దు. 121వ కీర్తనలో ఎనిమిదే వచనాలు, మెల్లగా చదవడానికి అది సరిపోతుంది. రెండు మూడు నిమిషాలు పక్క మంచాలవాళ్లకు ఇబ్బంది లేకుండా ప్రార్థించి, పది పదిహేను నిమిషాల్లో లేవండి. "విశ్వాసముంటే మందులెందుకు" అనే మాట నోట రాకూడదు, ఆ మాటతో ప్రాణాలు పోతాయి. అనుమతి లేకుండా ఆ జబ్బును ప్రార్థన మనవిగా ఇంకో ఇంట్లో చెప్పకూడదు. కొత్త సేవకులు నమ్మకం పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

ఏడాది చివర పెద్దల్ని కూర్చోబెట్టి, 1 తిమోతి 3:1-7 తెరిచి, ఒక్కో లక్షణం దగ్గర ఆగి ముఖాన చెప్పమనండి. ఆ పట్టికలో ప్రతిభ కిందికి వచ్చేది "బోధింపతగినవాడు" అన్న ఒక్కటే. మిగతావన్నీ కోపం, డబ్బు, ఇల్లు, బయటివారి దగ్గర పేరు గురించినవే. వాళ్లు "ఇప్పుడే వద్దు" అంటే కారణం రాయించుకుని, దాన్ని సరిదిద్దుకోవడానికి ఇంకో ఆరు నెలలు తీసుకోండి. అలిగి వేరే సంఘం పెట్టుకున్నవారి పరిచర్య ఆ అలక మీదే నిలబడుతుంది.

ఇంటి సంగతి సంఘంతో సమానం. భార్యకో భర్తకో ఇష్టం లేకపోతే ఆగండి, వాక్యాలు చూపించి నోరు మూయించకండి. అద్దె, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, పెట్రోలు, చీటీలు, గోల్డ్ లోన్ అన్నీ కలిపి నెల లెక్క రాయండి. అప్పు తీరి, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నాక బయటికి రావడం క్షేమం. కొరింథులో పౌలు డేరాలు కుట్టాడు కాబట్టి పనిచేసుకుంటూ సేవ చేయడాన్ని తక్కువగా చూడనక్కర్లేదు. ఎస్సీ కుటుంబంలో పుట్టినవారు కుల ధ్రువపత్రం విషయం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా వర్తించదు, తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సీలో (వెనుకబడిన తరగతుల్లో ఒక వర్గం) చేర్చారు. ఆ ఉత్తర్వు అన్యాయమని మనం అనుకున్నా, క్రైస్తవులమన్న సంగతి దాచిపెట్టి సేవ మొదలుపెట్టకూడదు.

ఇక చదువు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు సంఘాలవారు ముందే తమ డయాసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం), సినడ్ లాంటి పై పాలకసభ సిఫారసు లేఖ సంపాదించాలి. అది లేకుండా సొంత డబ్బుతో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ పూర్తిచేసి, పోస్టింగు లేక తిరిగేవాళ్లు ఎందరో. కాలేజీకి వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ అనుబంధం గానీ ఏషియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు గానీ ఉందో లేదో చూడండి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ సెరంపూర్ సెనేట్ కిందే నడుస్తోంది. చదువుకు నాలుగేళ్లు పడుతుందనుకుని ఇంటి లెక్క వేసుకోండి. డబ్బు కడితే నెలలో వచ్చే "డాక్టరేట్" జోలికి పోవద్దు. స్త్రీలకు అభిషేకం (పాస్టర్‌గా నియమించడం) విషయంలో సంఘానికో పద్ధతి ఉంది కాబట్టి చేరకముందే అడగండి. సీఎస్‌ఐలో ఆ తలుపు తెరిచే ఉంది. ఆ సంఘం తొలి మహిళా బిషప్ పుష్పలలిత 2013లో నంద్యాల డయాసిస్‌కే అభిషిక్తులయ్యారు.

అభిషేకం అయ్యాక రెండు చట్టాలు వెంటనే పనికొస్తాయి. స్వతంత్ర సంఘాల పాస్టర్లు చట్టబద్ధంగా పెళ్లి జరిపించాలంటే 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా జరిపితే వీసా వేళో, ఆస్తి పంపకం వేళో ఆ పెళ్లికూతురు ఇబ్బంది పడుతుంది. మామూలుగా పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. రిజిస్టరులో సంతకాలు అక్కడికక్కడే పెట్టించండి. రెండోది విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ). అమెరికాలోని స్నేహితులు గుడి కట్టడానికని మీ సొంత ఖాతాకు డాలర్లు పంపితే, మనసు ఎంత మంచిదైనా అది నేరమే అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థ మాత్రమే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతా ద్వారానే తీసుకోవాలి. ఆదివారం కానుకలు కూడా మీరు లెక్కపెట్టకండి. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి, పుస్తకంలో సంతకం చేసి, సోమవారం సంఘం పేరున ఉన్న ఖాతాలో వేయాలి.