వార్‌గేమ్ సైన్యం తయారు చేసుకోవడం ఎలా? మొదటి పది ఓర్కుల నుంచి మొదటి ఆట దాకా

వార్‌గేమ్ పెట్టె తెరిస్తే లోపల బొమ్మలు ఉండవు. బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు ఉంటాయి, వాటిని స్ప్రూలు అంటారు. ఆ చట్రాలకి చేతులు, తలలు, బూట్లు, తుపాకులు విడివిడిగా అంటుకుని ఉంటాయి. వాటిని కోసి, అతికించి, రంగులేసి, ఆ తర్వాత బల్ల మీద నిలబెట్టి పాచికలతో ఆడాలి. అంటే కొన్న రోజుకీ ఆడే రోజుకీ మధ్య కొన్ని వారాల పని ఉంది, చాలామంది ఆగిపోయేది కూడా ఆ మధ్యలోనే. నేను రెండుసార్లు ఆగిపోయాను, మూడోసారికి గానీ దారి దొరకలేదు.

ఉదాహరణకి వార్‌హామర్ 40,000 తీసుకుంటున్నాను. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లది, 1987లో వచ్చింది, మన దగ్గర కూడా ఎక్కువమంది దీనితోనే మొదలుపెడతారు. సైన్యం ఓర్కులది. పచ్చటి ఒళ్లు, పైకి పొడుచుకొచ్చిన కోరలు, దొరికిన ఇనుప ముక్కనల్లా ఏరుకుని తుపాకీ చేసుకునే జాతి. కొత్తవాళ్లకి వీళ్లనే ఎందుకు చెబుతానంటే, మీ చెయ్యి వణికి గీత వంకర పోయినా ఓర్కు ఒంటి మీద అది తప్పులా కనిపించదు.

1. పది బొమ్మలు కొనండి, పదకొండోది వద్దు

ప్రతి దళానికీ దాని బలాన్ని బట్టి ఇన్ని పాయింట్లని లెక్క ఉంటుంది. పెద్ద ఆట 2000 పాయింట్లకి ఆడతారు, ఓర్కులైతే వందకి దగ్గరగా బొమ్మలు కావాల్సి రావచ్చు. అది చూసి ఒకేసారి అన్నీ కొనేస్తారు. నేనూ అదే చేశాను, ఆ పెట్టెలు అటక మీద ఏళ్ల తరబడి ఉన్నాయి, దసరాకి ఇల్లు దులిపినప్పుడల్లా ఇంట్లోవాళ్లు వాటిని కిందికి దించి నా ముందు పెట్టేవాళ్లు. ఓర్క్ బాయ్స్ పెట్టెలో పది మంది వస్తారు. ఆ పదీ పూర్తయ్యాకే రెండో పెట్టె.

పనిముట్లు కూడా తక్కువే: ఒక సన్నటి సైడ్ కట్టర్, ఒక క్రాఫ్ట్ కత్తి, ఉప్పు కాగితం, ప్లాస్టిక్ జిగురు, నాలుగు బ్రష్‌లు, ఏడెనిమిది రంగులు. బ్రష్‌లలో 000 లాంటి వెంట్రుకవాసి నంబర్లు కొనకండి. అంత చిన్న కుచ్చులో రంగు బొమ్మ దగ్గరికి వెళ్లేలోపే ఆరిపోతుంది. కావాల్సింది మంచి మొన, అది 1 లేదా 2 నంబరు బ్రష్‌కి కూడా ఉంటుంది. రంగులు సిటాడెల్, వాయెహో, ఆర్మీ పెయింటర్, ఏదైనా సరే, కానీ అక్రిలిక్ అయి ఉండాలి.

2. కొయ్యడం, గీకడం, అతికించడం

ముక్కని చట్రానికి మరీ దగ్గరగా కొయ్యకండి. కాస్త దూరంగా కోసి, మిగిలిన మొలకని కత్తితో తర్వాత తియ్యండి. లేకపోతే ముక్కలోంచి కూడా కొంచెం ఊడొస్తుంది. బొమ్మ పక్కల వెంబడి సన్నటి గీత కనిపిస్తుంది, అది అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. కత్తి వెనక వైపుతో మెల్లగా గీకితే పోతుంది. ఇది విసుగు పని, అందుకే అందరూ వదిలేస్తారు, రంగేశాక ఆ గీతే ముందు కంటికి కొడుతుంది.

జిగురు దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో ఫెవిక్విక్ ఉంది కదా అని దానితోనే అతికించేస్తారు. అతుకుతుంది, కానీ బొమ్మ కింద పడితే టక్కున విరుగుతుంది. ప్లాస్టిక్ జిగురు పని వేరు, అది రెండు వైపులా ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది, ఆరాక అతుకు ఉండదు, అంతా ఒకే ముక్క. రెసిన్ బొమ్మలకీ లోహపు బొమ్మలకీ మాత్రం ప్లాస్టిక్ జిగురు పనిచెయ్యదు, అక్కడ ఫెవిక్విక్ రకమే వాడాలి. రెసిన్‌ని అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకుని తడిపి రుద్దండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

3. మార్పులు: ఓర్కుకి తుక్కే సొత్తు

నాకు ఈ హాబీలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, దీన్ని కన్వర్షన్ అంటారు. పది మందీ ఒకే అచ్చులో వచ్చినా, తలలు మార్చి, చేతులు మార్చి, ఎవరి ముఖం వాళ్లకి ఇవ్వడం. మొదటిసారికి తల మార్చడం చాలు. మెడ దగ్గర అడ్డంగా కోసి, రెండు వైపులా చదును చేసి, ముందు జిగురు లేకుండా బ్లూ ట్యాక్‌తో (గోడకి పోస్టర్లు అంటించే మెత్తటి ముద్ద) నిలబెట్టి చూడండి. తల కాస్త పక్కకి తిప్పితేనే ప్రాణం వస్తుంది. ముక్కుసూటిగా చూసే బొమ్మ ఎప్పుడూ పాస్‌పోర్ట్ ఫోటోలా ఉంటుంది.

బరువైన ముక్క అతికించాలంటే లోపల ఊచ కావాలి. గుండుసూది తల కత్తిరించి, రెండు వైపులా చిన్న చేతి డ్రిల్లుతో రంధ్రాలు చేసి, సూదిని మధ్యలో పెట్టి అతికించండి, ఇక కదలదు.

ఖాళీలు నింపడానికి బయట అందరూ చెప్పేది గ్రీన్ స్టఫ్. నీలం ముద్ద, పసుపు ముద్ద సమంగా పిసికితే ఆకుపచ్చ అవుతుంది, గంటకి పైగా మెత్తగానే ఉంటుంది కాబట్టి బొచ్చు, తోలు మడతలు నింపాదిగా చెక్కుకోవచ్చు. మన దగ్గర అది ఖరీదు. కుళాయి లీకైతే వాడే ఎం-సీల్ కూడా రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీయే, హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతుంది. త్వరగా బిగుసుకుంటుంది, కొంచెం గరుకు, ముఖం చెక్కడానికి పనికిరాదు, కానీ రాళ్లకీ ఇనుప కవచాలకీ భేషుగ్గా ఉంటుంది. రెండిట్లో దేనికైనా వేలికీ పనిముట్టుకీ నీళ్లు తడుపుకోండి, లేకపోతే అంతా చేతికే అంటుకుంటుంది. మిగతా సామాను ఇంట్లోనే ఉంది: రీఫిల్ గొట్టం తుపాకీ గొట్టమవుతుంది, టూత్‌పేస్ట్ మూత ఇంధనం పీపా, పాత వాచీ పళ్లచక్రం డాలు.

ఆయుధాలు మార్చుకునేలా చెయ్యాలంటే చేతికి చిన్న అయస్కాంతం పెడతారు. ధ్రువాలు చూసుకోండి. నేను ఒక రాత్రి ఆరు చేతులకి ఓపిగ్గా అయస్కాంతాలు అతికించి, పొద్దున లేచి పెట్టబోతే ఆరూ భుజం దగ్గరికి వెళ్లి పక్కకి తప్పుకున్నాయి, అలిగినట్టు. ఇప్పుడు పెట్టే ముందే ఒక్కో అయస్కాంతం పైముఖం మీద మార్కర్‌తో చుక్క పెడుతున్నాను.

4. ప్రైమర్, ముఖ్యంగా వానల్లో

రంగు నేరుగా ప్లాస్టిక్ మీద నిలవదు, కింద ప్రైమర్ పొర ఉండాలి. స్ప్రే డబ్బాని బాగా ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆరుబయట, చిన్న చిన్న విసుర్లుగా కొట్టండి. ముందు అంతా నలుపు, అది ఆరాక పైనుంచి మాత్రమే తెలుపు కొడితే, ఎండ నడినెత్తి నుంచి పడ్డట్టు వెలుగునీడలు వాటంతట అవే వస్తాయి.

ఇంగ్లండ్ వాళ్ల వీడియోల్లో చలి గురించి హెచ్చరిస్తారు, మన గొడవ వేరు. జూలైలో హైదరాబాద్‌లో సన్నటి జల్లు పడుతుండగా బాల్కనీలో నిలబడి పది ఓర్కులకి కొట్టాను. పది నిమిషాల తర్వాత చూస్తే పది మందీ విభూతి పూసుకున్నట్టు తెల్లగా, వేలితో రాస్తే గరగరా. గాల్లో తేమ ఎక్కువైతే జరిగేది అదే. మే నెల మధ్యాహ్నం కొడితే మరో తంటా, రంగు బొమ్మని చేరేలోపే గాల్లో ఆరిపోయి ఇసుకలా అంటుకుంటుంది. ఎండాకాలంలో తెల్లారి ఆరేడు గంటలకి కొట్టండి, వానాకాలంలో బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడండి. హార్డ్‌వేర్ షాపు స్ప్రే వాడేట్టయితే ముందు ఖాళీ చట్రం మీద కొట్టి చూడండి, కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

చెడిపోతే ఏం చెయ్యాలి? డెటాల్. నిజంగానే, ఆ గోధుమరంగు సీసా. బ్రిటన్‌లో ఎంతో కాలంగా నడుస్తున్న చిట్కా ఇది. ప్లాస్టిక్ బొమ్మల్ని ఒక రోజు అందులో నానబెట్టి, చేతికి గ్లౌజులు వేసుకుని పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రంగు ఊడిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మొదట నీళ్లతో కడగొద్దు. నీళ్లు తగిలితే ఆ రంగంతా తారులా జిగట అవుతుంది. రంగు పూర్తిగా ఊడేదాకా డెటాల్‌లోనే రుద్ది, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్, ఆ తర్వాతే నీళ్లు. ఇల్లంతా రెండు రోజులు ఆసుపత్రి వాసన కొడుతుంది, ముందే చెప్పి ఉంచండి.

5. రంగులు: పది మందికీ ఒకేసారి

ఒక్క బొమ్మనే పట్టుకుని పూర్తి చెయ్యాలని కూర్చోకండి. పది మందినీ ఖాళీ టానిక్ సీసాల మూతల మీద బ్లూ ట్యాక్‌తో నిలబెట్టి, మొదటివాడి ఒంటికి ఆకుపచ్చ, రెండోవాడికి ఆకుపచ్చ, అలా వరస పెట్టండి. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి మొదటివాడు ఆరి ఉంటాడు. తర్వాత బట్టలకి గోధుమ రంగు, తర్వాత ఇనుము.

రంగుని సీసాలోంచి నేరుగా వెయ్యకండి, నీళ్లు కలిపి పాల చిక్కదనానికి తెచ్చి రెండు పొరలు వెయ్యండి. తడి పాలెట్ ఉంటే రంగు గంటల తరబడి ఆరదు: మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తడిపిన టిష్యూలు, పైన బేకింగ్‌కి వాడే బటర్ పేపర్. మన షాపుల్లో బటర్ పేపర్ పేరుతో మైనం పూసినది కూడా అమ్ముతారు, దాంట్లోంచి నీళ్లు పైకి రావు. తడి టిష్యూ మీద పరిచి చూడండి, కాగితం పైకి కూడా చెమ్మ వస్తే అదే సరైనది.

ఇప్పుడు వాష్. ఇది పల్చటి నల్లటి లేదా గోధుమ రంగు నీళ్లలాంటి రంగు, బొమ్మంతా పూస్తే కండరాల మధ్య, మడతల్లో చేరి నీడలవుతుంది. ఈ ఒక్క మెట్టుతో బొమ్మ ముఖం మారిపోతుంది. ఎక్కడైనా మడుగు కడితే వెంటనే తడి బ్రష్‌తో పీల్చెయ్యండి, సగం ఆరాక మాత్రం ముట్టుకోవద్దు, మరక పడుతుంది. అరగంట ఆగి టీ తాగి రండి. బ్రష్ కడిగే గ్లాసు, టీ గ్లాసు వేర్వేరు చోట్ల పెట్టుకోండి, నేను ఎందుకు చెబుతున్నానో ఊహించుకోగలరు.

తర్వాత డ్రై బ్రష్. పాత బ్రష్‌కి లేత రంగు అద్ది, టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, పొడి కుచ్చుతో అంచుల మీద విసిరినట్టు రాయాలి. ఎంత తుడవాలో తెలియకపోతే మీ చేతి వెనక వైపు రాసి చూడండి: చర్మం మీది సన్నటి గరుకుకి మాత్రమే రంగు పట్టి, మిగతా చోట ఏమీ అంటకపోతే సిద్ధం. ముద్దలా పడిందంటే ఇంకా తుడవాలి.

కళ్లకి ఒక్కొక్క ఎర్ర చుక్క, కోరలకి దంతపు రంగు, అంతే. కంటిపాప జోలికి పోవద్దు. ఆటలో బొమ్మని చూసేది మూడడుగుల దూరం నుంచి, అక్కడినుంచి పాప కనిపించదు, బేస్, అంటే బొమ్మ కాళ్ల కింది బిళ్ల మాత్రం కనిపిస్తుంది. అందుకే కళ్ల మీద పెట్టే గంటని బేస్ మీద పెట్టండి: ఫెవికాల్ పూసి, టీ జాలీలో జల్లించిన ఇసుక చల్లి, ఆరాక ముదురు గోధుమ రంగు, పైన లేత రంగు డ్రై బ్రష్, చుట్టూ అంచుకి నలుపు. ఆ జాలీ మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

రంగు వేసినందుకు ఆటలో లాభం కూడా ఉంది. 10వ ఎడిషన్ (2023లో వచ్చిన నియమాల కూర్పు) పోటీ ఆటల్లో సైన్యం మొత్తం రంగులతో, బేస్‌లతో సిద్ధంగా ఉంటే గెలుపు లెక్కలో 100కి 10 పాయింట్లు ఊరికే ఇచ్చారు. అంత తేడాతో ఓడిపోయిన ఆటలు నాకు ఉన్నాయి.

6. బల్ల మీదికి

చిన్న ఆటకి 44 × 30 అంగుళాల జాగా చాలు, నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ సరిపోతుంది. కొండలకి పుస్తకాలు, భవనాలకి చెప్పుల డబ్బాలు. థర్మాకోల్ వాడితే నేరుగా స్ప్రే కొట్టకండి, కరిగిపోతుంది, ముందు ఫెవికాల్ పొర వెయ్యాలి. మూల నియమాల పీడీఎఫ్‌ని కంపెనీయే ఉచితంగా ఇచ్చింది, ముందు పుస్తకం కొనక్కర్లేదు.

నియమాలు చూసి టెన్షన్ పడతారు గానీ, కాల్పుల లెక్క ఒక్కటి వంటబడితే చాలు. 10వ ఎడిషన్ లెక్కల్లో, ఐదుగురు స్పేస్ మెరైన్లు (ఈ ఆటలో కవచాలు తొడిగిన మనుషుల సైన్యం) మీ పది ఓర్కుల మీద కాల్చారనుకోండి. మనిషికి రెండు గుళ్లు, పది పాచికలు. 3 లేదా పైన పడితే తగిలినట్టు, సుమారు ఏడు తగులుతాయి. తుపాకీ బలం 4, ఓర్కు గట్టిదనం 5, బలం తక్కువ కాబట్టి గాయం కావాలంటే 5 లేదా పైన పడాలి, ఏడింట్లో రెండు మిగులుతాయి. ఇక మీ వంతు, కవచం కాపాడాలంటే మీకు 6 పడాలి. పడదు. ఇద్దరు పోతారు. మిగిలిన ఎనిమిది మందీ పరిగెత్తుకెళ్లి మీద పడితే, మనిషికి మూడు దెబ్బల చొప్పున 24 పాచికలు. 3 లేదా పైన పడి తగిలేవి 16, సమాన బలం కాబట్టి 4 లేదా పైన పడి గాయమయ్యేవి 8, అందులో సగం వాళ్ల కవచం ఆపుతుంది. మిగిలిన 4 దెబ్బలకి, ఒక్కొక్కడికి రెండు ప్రాణాలు కాబట్టి, ఇద్దరు మెరైన్లు పడతారు. అందుకే ఓర్కులతో దూరంగా నిలబడి కాల్చుకుంటూ కూర్చోకూడదు, గోడల చాటున దగ్గరికి పోవాలి. ఆటకి ఒకసారి ‘వాఆఆ’ అని ఓర్కుల యుద్ధ కేకని ప్రకటించి రెట్టింపు ఊపుతో దూకొచ్చు. గట్టిగా అరవాలని ఎక్కడా రాసి లేదు, అరవకుండా ఆడినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

7. దాచడం

రంగేసిన బొమ్మల్ని దూదిలో చుట్టి పెడితే అంచుల రంగు రాలిపోతుంది. బేస్ అడుగున ఒక అయస్కాంతం అతికించి, అడుగు ఇనుప రేకు ఉన్న స్వీట్ల డబ్బాలో నిలబెట్టండి. కొన్ని స్టీలు డబ్బాలకి అయస్కాంతం పట్టదు, కొనే ముందు జేబులో ఒకటి తీసుకెళ్లి అంటించి చూడండి. ఇంటికొచ్చాక పది మందినీ నిలబెట్టి, డబ్బాని మెల్లగా తలకిందులు చెయ్యండి, కింద దిండు పెట్టుకుని.