పాత భయానక చిత్రాలు ఇంట్లో సరిగా కనిపించనప్పుడు, వినిపించనప్పుడు: సమస్య - పరిష్కారం

భయానక చిత్రాలకూ, ఉత్కంఠ కథలకూ దర్శకుడు చూపీ చూపకుండా ఉంచినదే ప్రాణం. అందుచేత టీవీ సెట్టింగ్‌లలో చిన్న పొరపాటు ఉన్నా, మరే తరహా చిత్రానికీ కలగనంత నష్టం వీటికి కలుగుతుంది. 1920ల నుంచి 1970ల వరకు వచ్చిన చిత్రాలనూ ధారావాహికలనూ డీవీడీ, బ్లూరే, వీహెచ్‌ఎస్ క్యాసెట్ల మీద చూసేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బందులను ఇక్కడ వివరిస్తున్నాను. లోపాన్ని వెతికేటప్పుడు ముందు టీవీని, తర్వాత ప్లేయర్‌ను, ఆ తర్వాత డిస్కును, చిట్టచివర ఆ డిస్కు ఏ ఫిల్మ్ ప్రతి నుంచి తయారైందో దానిని అనుమానించాలి. మొదటి రెండింటినీ పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

చీకటి దృశ్యాలలో ఏమీ కనిపించదు, లేదా నలుపంతా బూడిద రంగుగా ఉంటుంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, దీనికి కారణాలు కూడా ఒకటి కంటే ఎక్కువ. డిస్కులోని వీడియోలో నలుపును 16వ అంకె దగ్గర, తెలుపును 235 దగ్గర నమోదు చేస్తారు. దీనిని లిమిటెడ్ రేంజ్ అంటారు. కంప్యూటర్లు వాడేది 0 నుంచి 255 వరకు సాగే ఫుల్ రేంజ్. ప్లేయర్ ఫుల్ రేంజ్‌లో పంపుతుండగా టీవీ లిమిటెడ్ అనుకుంటే, నీడలలో ఉన్న వివరమంతా నల్లటి మడుగులో కలిసిపోతుంది. మెట్ల కింద నిలబడిన మనిషి ఉన్నట్టే తెలియదు. ఇందుకు విరుద్ధంగా జరిగితే నలుపు తేలిపోయి, అర్ధరాత్రి శ్మశానం పొగమంచు పట్టిన ఉదయంలా కనిపిస్తుంది. ప్లేయర్‌లోనూ టీవీలోనూ హెచ్‌డీఎంఐ రేంజ్ లేదా బ్లాక్ లెవెల్ అనే సెట్టింగ్‌ను వెతికి, రెండింటినీ ఒకే విధంగా ఉంచితే ఈ తేడా పోతుంది.

అది సరిగానే ఉన్నా చీకటి తగ్గకపోతే పిక్చర్ మోడ్‌ను చూడాలి. వివిడ్, డైనమిక్ వంటి మోడ్‌లు కాంట్రాస్ట్‌ను దృశ్యానికొక రకంగా మారుస్తాయి. విద్యుత్ ఆదా సెట్టింగూ, గదిలోని వెలుతురును బట్టి తెర కాంతిని తగ్గించే సెన్సారూ దీనికి తోడవుతాయి. వీటిని ఆపి, సినిమా మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ ఎంచుకోవాలి. ఆ తర్వాత నల్ల కోటు తొడుక్కున్న మనిషి చీకటి గోడ ముందు నిలబడిన దృశ్యం ఒకటి తీసుకొని, కోటు మడతలు మాయమయ్యేంత వరకు బ్రైట్‌నెస్ తగ్గించి, అవి మళ్లీ లీలగా కనిపించే చోట ఆపాలి. గదిలో దీపాలు ఆర్పకుండా ఈ పని చేస్తే ప్రయోజనం ఉండదు.

నలుపు తెలుపు చిత్రం నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తే కలర్ టెంపరేచర్‌ను వార్మ్‌కు మార్చాలి. వీడియోకు ప్రమాణంగా పాటించే తెలుపు సుమారు 6500 కెల్విన్లు; చాలా టీవీలలో వార్మ్ సెట్టింగే దానికి దగ్గరగా ఉంటుంది.

అర్ధరాత్రి కథ పట్టపగలు జరుగుతున్నట్టుంది

నిశ్శబ్ద చిత్రాలలో ఈ లక్షణం కనిపిస్తే టీవీని ముట్టుకోనక్కరలేదు. 1922లో ఎఫ్. డబ్ల్యు. ముర్నౌ తీసిన నోస్ఫెరాటులో రాత్రి దృశ్యాలను పగటి వెలుగులోనే చిత్రీకరించారు. వాటికి నీలం టింట్ (బొమ్మ మొత్తానికీ వేసే రంగు పూత) వేసినప్పుడే అవి రాత్రిగా అర్థమవుతాయి. ఆ టింట్ లేని నలుపు తెలుపు ప్రతుల నుంచి తయారైన డిస్కులు చాలా ఉన్నాయి, వాటిలో రక్తపిశాచి ఎండలో నడుస్తున్నట్టే ఉంటుంది. మనుషులు గబగబా పరుగెత్తుతున్నట్టు కూడా ఉంటే, సెకనుకు 24 ఫ్రేములకంటే తక్కువ వేగంతో ఆడవలసిన ఫిల్మును 24 వేగంతో బదిలీ చేశారని గ్రహించాలి. ఈ రెంటికీ ఇంట్లో చికిత్స లేదు. టింట్‌లు పునరుద్ధరించిన ప్రతి అని డిస్కు పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్న దానినే కొనాలి.

సినిమా సీరియల్‌లా జారుతున్నట్టుంది

మాటలున్న చిత్రాల ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. ఆ ఫ్రేముల మధ్య టీవీ తానే కొత్త ఫ్రేములను కల్పించి చొప్పించడాన్ని మోషన్ స్మూతింగ్ అంటారు. ఒక్కో సంస్థ దీనికి ఒక్కో పేరు పెట్టింది. కెమెరా మెల్లగా తలుపు వైపు సాగే దృశ్యంలోని బరువంతా దీనివల్ల పోతుంది. దీనిని తగ్గించి వదిలేయకుండా పూర్తిగా ఆపేయాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

అయితే ఆపిన తర్వాత కూడా కొన్ని ధారావాహికలు అలాగే కనిపిస్తాయి, అది దోషం కాదు. ది ట్విలైట్ జోన్ రెండవ సీజన్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి 6 ఎపిసోడ్లను ఫిల్మ్‌కు బదులు వీడియో టేపు మీద తీసి, తర్వాత 16 మిల్లీమీటర్ల ఫిల్మ్‌కు ఎక్కించారు. మిగిలిన ఎపిసోడ్లు ఎంత స్వచ్ఛంగా ఉన్నా ఈ ఆరూ మసకగా, చదునుగా ఉండక తప్పదు. 1966 నుంచి 1971 వరకు ప్రసారమైన డార్క్ షాడోస్ కూడా వీడియో టేపు మీద తీసినదే. దాని 1225 ఎపిసోడ్లలో ఒకదాని టేపు పోగా, మిగిలిన శబ్దం ఆధారంగా దానిని పునర్నిర్మించారు. ఆ ఎపిసోడ్‌లో నిశ్చల చిత్రాలు కనిపిస్తే డిస్కు చెడిపోయిందని భావించకూడదు.

సంగీతం లేదు, గుసగుసలు వినిపించవు, కేకలు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉన్నాయి

1931 నాటి డ్రాకులాలో ప్రారంభ శీర్షికలు వంటి ఒకటి రెండు సందర్భాలను మినహాయిస్తే నేపథ్య సంగీతం దాదాపు లేదు. వెనుక వినిపించే సన్నని సరసర ఫిల్మ్ మీదే ముద్రించే ఆనాటి ఆప్టికల్ సౌండ్‌ట్రాక్ స్వభావం. కొన్ని డిస్కులలో ఫిలిప్ గ్లాస్ 1990ల చివర సమకూర్చిన సంగీతం మరొక ట్రాక్‌గా ఉంటుంది కనుక, సంగీతం ఆగకుండా వినిపిస్తే ఆడియో మెనూలో ఆ ట్రాక్ ఎంపికై ఉందేమో చూడాలి. నేను మాత్రం ఆ మౌనాన్నే ఇష్టపడతాను. కోటలోని తొలి దృశ్యాలలో అడుగుల చప్పుడు అంత స్పష్టంగా మరెలాగూ వినిపించదు.

మాటలకూ కేకలకూ మధ్య అంతరం విపరీతంగా ఉంటే, పాత మోనో (ఒకే వాహిక) శబ్దాన్ని 5.1కు, అంటే ఆరు స్పీకర్ల అమరికకు, విస్తరించిన ట్రాక్ ఆడుతూ ఉండవచ్చు. సెంటర్ స్పీకర్ లేని చోట ఆ ట్రాక్‌లో సంభాషణ నలిగిపోతుంది. అసలు మోనో ట్రాక్ ఉంటే దానిని ఎంచుకోవాలి, లేకపోతే ప్లేయర్‌లో డౌన్‌మిక్స్‌ను (వాహికలను కలిపి తగ్గించే సెట్టింగ్‌ను) స్టీరియోకు పెట్టి, పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ మధ్య అంతరాన్ని తగ్గించే నైట్ మోడ్ వాడాలి.

ముఖాలు సాగిపోయాయి, లేదా ఫ్రేము పైన మైకు కనిపిస్తోంది

1930ల నుంచి 1950ల ఆరంభం వరకు వచ్చిన చిత్రాల తెర కొలత (వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి) సాధారణంగా 1.37:1, నిశ్శబ్ద చిత్రాలదీ టీవీ ధారావాహికలదీ 1.33:1. వీటికి రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండటమే సరైన స్థితి. వైడ్, జూమ్ సెట్టింగ్‌లు ఆ పట్టీలను నింపే ప్రయత్నంలో ముఖాలను సాగదీస్తాయి లేదా తలలను కోసేస్తాయి. తెరలో మైకు కనిపించడం వేరే సంగతి. 1953 తర్వాతి చిత్రాలు ఎన్నింటినో థియేటర్‌లో పైనా కిందా కప్పి 1.85:1లో చూపడానికి తీశారు, ఆ కప్పు తొలగించి బదిలీ చేస్తే దాచవలసినవి బయటపడతాయి. టీవీ జూమ్‌తో కొంత కప్పవచ్చు గాని, సరైన కొలతలో ఉన్న డిస్కును తెచ్చుకోవడమే శాశ్వత పరిష్కారం.

నిడివి తక్కువగా ఉంది, ఏదో కత్తిరించినట్టుంది

ముందు డిస్కు పాల్ (యూరప్, భారత్ వంటి చోట్ల వాడిన టీవీ ప్రమాణం) పద్ధతిదో కాదో చూడాలి. పాల్ డీవీడీలలో 24 ఫ్రేముల చిత్రం 25 వేగంతో ఆడుతుంది కనుక 100 నిమిషాల చిత్రం 96 నిమిషాలకే ముగుస్తుంది, స్వరాలు కూడా కొద్దిగా హెచ్చుతాయి. ఈ లెక్కకు అందనంత తేడా ఉంటే నిజంగానే కోత పడి ఉంటుంది. 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్‌లో చిన్నపాపను సరస్సులోకి విసిరే దృశ్యం దశాబ్దాల పాటు కోతకు గురై, 1980లలో గాని తిరిగి చేరలేదు. కోత ఉన్న ప్రతిలో ఆ వికృత జీవి చేతులు చాచిన చోటే దృశ్యం ఆగిపోవడంతో, ప్రేక్షకుడు జరిగిన దానికంటే ఘోరమైనదే ఊహించుకుంటాడు. కాబట్టి దృశ్యం అర్ధాంతరంగా తెగినట్టనిపిస్తే ఆ అనుమానాన్ని కొట్టిపారేయకుండా, మరొక ప్రతి నిడివితో పోల్చాలి.

బొమ్మ గరుకుగా ఉంది, లేదా ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి

గరుకుదనం ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్‌కు సహజమైన రేణువులు; దానిని ఉండనివ్వాలి. మైనపు పూత వంటి నునుపు నాయిస్ రిడక్షన్ ఫలితం. అది టీవీలో ఉంటే ఆ సెట్టింగ్‌ను ఆపి, షార్ప్‌నెస్ కూడా తగ్గించాలి. డిస్కు తయారీలోనే చేసి ఉంటే తీసివేయడం సాధ్యం కాదు.

గీతలు, మసక, వెలిసిపోయిన తెలుపు కలగలిసి ఉంటే ఆధార ప్రతిని అనుమానించాలి. 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన తొలగిపోవడంతో ఆ చిత్రంపై ఎవరికీ హక్కు లేకుండా పోయింది. ఎవరికి దొరికిన అరిగిపోయిన ప్రతిని వారు డిస్కుగా అమ్మారు. అసలు నెగటివ్ నుంచి చేసిన 4కే పునరుద్ధరణ 2016లో ప్రదర్శితమై, తర్వాత బ్లూరేగా కూడా వచ్చింది. పాత డిస్కుతో ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా ఆ స్పష్టత రాదు.

డిస్కు మధ్యలో ఆగిపోతుంది, లేదా అసలు ఆడదు

రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు) సరిపోకపోతే ప్లేయర్ ఆ సంగతి తెర మీదే చెబుతుంది. డీవీడీలకు అంకెలు, బ్లూరేలకు ఎ, బి, సి అనే విభాగాలు ఉన్నాయి, 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ అడ్డు లేదు. చిత్రం మధ్యలో క్షణకాలం ఒక్కసారే నిలిస్తే అది డిస్కులోని ఒక లేయర్ (రికార్డు పొర) నుంచి మరొక లేయర్‌కు మారే విరామం మాత్రమే. ఒకే చోట పదే పదే ఆగితే డిస్కును మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. రెండు వైపులా రికార్డు ఉన్న ధారావాహిక డిస్కుల మీద వేలిముద్ర పడని వైపంటూ ఉండదు కనుక వాటిని అంచులతోనే పట్టుకోవాలి.

తుడిచినా మారకపోతే డిస్కును దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. సూది మొనంత రంధ్రాల గుండా వెలుగు వస్తున్నా, అంచు కంచు రంగుకు తిరిగినా లోపలి లోహపు పొర క్షయించిందని అర్థం. అది బాగుపడదు; ఆడినంత భాగాన్ని కాపీ చేసి పెట్టుకుని వేరే డిస్కు వెతుక్కోవాలి.

వీహెచ్‌ఎస్‌లో తెర కింది భాగాన గీతలు దొర్లుతుంటే ప్లేయర్‌లోని ట్రాకింగ్ (టేపు మీది గీతలను హెడ్‌లు సరిగా అనుసరించేలా చేసే సర్దుబాటు) సరిచేస్తే చాలు. కిటికీలోంచి కనిపించే టేపు చుట్టమీద తెల్లటి బూజు ఉంటే మాత్రం దానిని ప్లేయర్‌లో పెట్టకూడదు. ఆ బూజు టేపును చదివే హెడ్‌లకు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అటువంటి క్యాసెట్‌ను విడిగా పొడి చోట ఉంచి, టేపులు శుభ్రం చేసేవారికి అప్పగించాలి.