1965 యుద్ధం: రెండు దేశాల కథనాలు ఒకే చార్టు మీద

తిరుపతి, చిత్తూరు హైస్కూళ్లలో సాంఘిక శాస్త్రం ప్రాజెక్టుకు 1965 భారత్-పాక్ యుద్ధం తీసుకుంటే చార్టులో రెండు గళ్లు చాలవు, మూడు గీయించండి. ఎడమ భారత్, కుడి పాకిస్తాన్, నడుమ ఇద్దరూ ఒప్పుకునేవి. రెండే గళ్లయితే పది నిమిషాల్లో క్లాసు తగాదాకు దిగుతుంది. రెండు చార్టులు పక్కపక్కన అంటించి ఐదుగురికి ఒకటి ఇస్తే రెండు పీరియడ్లలో పని తేలుతుంది.

నడిమి గడి ముందు నింపాలి. సెప్టెంబరు 1న జమ్మూ వైపున్న ఛంబ్‌పై పాక్ దాడి. 6న భారత సైన్యం లాహోర్ వైపు సరిహద్దు దాటడం. 20న యుద్ధం ఆపమంటూ ఐరాస భద్రతా మండలి 211వ తీర్మానం, 23న కాల్పుల విరమణ, 1966 జనవరి 10న రెండు దేశాల మధ్య తాష్కెంట్ శాంతి ఒప్పందం. వీటిలో తకరారు లేదు.

తకరారంతా కథ ఏ తేదీన మొదలైందన్న దగ్గరే. మనవాళ్లు ఆగస్టు 5 దగ్గర మొదలుపెడతారు: కాశ్మీర్‌లోకి మారువేషాల్లో చొరబాట్లు, అంటే ఆపరేషన్ జిబ్రాల్టర్. పాకిస్తాన్‌లో చెప్పుకునే కథ సెప్టెంబరు 6న మొదలవుతుంది. ఆ రోజును వాళ్లు రక్షణ దినంగా జరుపుకుంటారు, లాహోర్‌ను కాపాడుకున్న రోజని. మన లెక్కలో అదే రోజు ఎదురుదాడి: ఛంబ్ దాటాక వచ్చే అఖ్నూర్ చేజారితే పూంచ్, రాజౌరీలకు దారి తెగిపోతుంది కాబట్టి పంజాబ్‌లో దాడి తెరిచారు. ఈ ఒక్క సంఘటననే రెండు గళ్లలోనూ రాయించి, క్రియల కింద ఎర్ర గీత గీయించండి. ‘తిప్పికొట్టింది’, ‘దండెత్తింది’: తేడా అంతా అక్కడే ఉంది.

జిబ్రాల్టర్‌ను మాత్రం ముందు పెన్సిల్‌తో ఎడమ గడిలో రాయాలి. అప్పట్లో పాక్ ప్రభుత్వం దాన్ని కాశ్మీరీల తిరుగుబాటని చెప్పింది. తర్వాత ఆ దేశపు సైనికాధికారులే పుస్తకాల్లో ఒప్పుకున్నారు. ఆ సంగతి తేలాక బాణం గీసి నడుమకు జరపవచ్చు. పిల్లలకు బాగా గుర్తుండేది ఈ బాణమే.

అంకె రాస్తే పక్కనే ఎవరి లెక్కో రాయాలి. పాక్ వైమానిక స్థావరం సర్గోధా మీద సెప్టెంబరు 7న ఆ దేశపు పైలట్ ఎం.ఎం. ఆలం నిమిషంలోపు ఐదు భారత హంటర్ యుద్ధ విమానాలు కూల్చాడని పాక్ చెబుతుంది, మన వైమానిక చరిత్రకారులు ఐదును ఒప్పుకోరు. పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ ట్యాంకుల పోరులో పాక్ 97 ట్యాంకులు పోగొట్టుకుందన్నది మన లెక్క. తెలుగులో మాత్రమే వెతికితే కుడి గడి ఖాళీగా మిగులుతుంది, పాక్ ఇంగ్లీషు పత్రికలూ చూడాలి.

ముగింపు దగ్గర మాత్రం రెండు గళ్లూ వింతగా కలుస్తాయి. ఆగస్టులో కాశ్మీర్‌లో గెలుచుకున్న హాజీపీర్ కనుమ తాష్కెంట్‌తో తిరిగిచ్చేశామని ఇక్కడ గొణుగుడు, గెలిచింది బల్ల మీద పోగొట్టారని అక్కడ కోపం. సంతకం చేసిన రాత్రే మన ప్రధాని శాస్త్రి కన్నుమూశారు. అక్కడ విదేశాంగ మంత్రి భుట్టో, అధ్యక్షుడు అయూబ్ ఖాన్ మంత్రివర్గం వదిలి అదే ఒప్పందాన్ని ఆయుధం చేసుకున్నాడు.

చివరి తనిఖీ: రాజస్థాన్‌లోని లోంగేవాలా పోరు గానీ, ఢాకా లొంగుబాటు ఫొటో గానీ చార్టులో కనిపిస్తే తీసేయండి. అవి 1971వి.