డ్రంకెన్ డ్రైవ్ కేసు నమోదైన తరువాత: హక్కులు, కోర్టు హాజరు, లైసెన్సు తిరిగి పొందే విధానం

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్టు బ్రీత్ అనలైజర్‌లో తేలితే, వాహనం నడిపిన వ్యక్తిపై మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షను కింద కేసు నమోదవుతుంది. హెల్మెట్ లేనందుకు వచ్చే చలానాలాగా దీనిని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ముగించుకునే వీలు చట్టంలో లేదు; కోర్టుకు వెళ్ళవలసిందే. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ, మరోసారి పట్టుబడితే రెండేళ్ళ వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండింటిలోనూ వర్తించేది ఈ చట్టమే.

తనిఖీ జరిగిన చోట

యంత్రానికి కొత్త గొట్టం అమర్చమని కోరవచ్చు. మౌత్‌వాష్ గాని, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు గాని అప్పుడే వాడి ఉంటే ఆ సంగతి చెప్పి, నోరు పుక్కిలించి పావుగంట తరువాత మళ్ళీ ఊదుతానని అడగాలి. ఒకటికి మించి ఊపిరి నమూనాలు తీసుకునే వీలు 203వ సెక్షనులోనే ఉంది. ముద్రించి ఇచ్చే చీటీలో పేరు, సమయం, వాహనం నంబరు, రీడింగు సరిగా ఉన్నాయని చూసుకున్న తరువాతే సంతకం చేయాలి. ఊదడానికి నిరాకరిస్తే కేసు నిలవదనే నమ్మకం చాలామందిలో ఉంది, అది చాలా నష్టం చేస్తుంది. మద్యం సేవించారని అనుమానించే కారణం ఉంటే, నిరాకరించిన వ్యక్తిని వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. పైగా సరైన కారణం చూపని పక్షంలో, ఆ నిరాకరణను ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలం చేకూర్చే అంశంగా కోర్టు పరిగణించవచ్చని 205వ సెక్షను చెబుతోంది.

అరెస్టు చేస్తే

చాలా సందర్భాలలో పోలీసులు వివరాలు నమోదు చేసుకుని, ఫలానా రోజున హాజరు కావాలని చెప్పి పంపించివేస్తారు. అరెస్టే చేస్తే, అందుకు కారణాన్ని వెంటనే తెలియజేయాలి, మీరు చెప్పిన బంధువుకో స్నేహితుడికో సమాచారం ఇవ్వాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. వీటితో పాటు, 185వ సెక్షను కింద అరెస్టయిన వారికి ప్రత్యేకించి మరొక రక్షణ ఉంది: అరెస్టు జరిగిన రెండు గంటల లోపల రిజిస్టర్డ్ వైద్యుడి చేత పరీక్ష చేయించాలి, చేయించని పక్షంలో కస్టడీ నుంచి విడిచిపెట్టాలని 202వ సెక్షను స్పష్టంగా ఆదేశిస్తోంది. అందువల్ల అరెస్టు చేసిన సమయాన్ని, ఆసుపత్రికి తీసుకువెళ్ళిన సమయాన్ని కుటుంబసభ్యులలో ఎవరైనా రాసి పెట్టుకోవడం అవసరం. మహిళ నుంచి పురుష వైద్యుడు రక్త నమూనా తీసుకునేటప్పుడు పక్కన మరొక మహిళ ఉండి తీరాలి.

ఇది బెయిలబుల్ నేరం. పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధపడిన వ్యక్తికి స్టేషన్‌లోనే బెయిలు పొందే హక్కు ఉంటుంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది సేవ లభిస్తుంది కనుక, లాయరు ఫీజుకు డబ్బు లేనివారు న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయాలి. ప్రమాదంలో ఎవరైనా గాయపడినా, మరణించినా కేసు పూర్తిగా మారిపోతుంది. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షా చట్టం) కింద మరింత తీవ్రమైన సెక్షన్లు వచ్చి చేరతాయి, అప్పుడు న్యాయవాది లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు.

వాహనం విడిపించుకోవడం

మద్యం తాగి నడిపారన్న కారణంతో వాహనాన్ని పోలీసులు తమ వద్దే పెట్టుకోవడంపై తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. మద్యం తాగని, లైసెన్సు ఉన్న వ్యక్తి పక్కన ఉంటే వాహనాన్ని వారికి అప్పగించాలి. లేకపోతే దగ్గరి బంధువుకు కబురు చేయాలి. ఎవరూ రాలేని పరిస్థితిలో మాత్రమే తాత్కాలికంగా సురక్షితమైన చోట ఉంచాలి. తీసుకువెళ్ళడానికి వచ్చేవారు ఆర్సీ, తమ లైసెన్సు, గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోవాలి.

కౌన్సెలింగ్, కోర్టు

హైదరాబాదులో కోర్టుకు వెళ్ళే ముందు గోషామహల్ లేదా బేగంపేటలోని ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్‌కు కుటుంబసభ్యులతో కలిసి హాజరు కమ్మంటారు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని దీనిని దాటవేయాలని చూసేవారు ఉన్నారు. అలా చేయవద్దు. కోర్టు వాయిదాకు గైర్హాజరైతే వారంటు జారీ కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసినది కోర్టులో మేజిస్ట్రేటు నేరం అంగీకరిస్తారా అని అడిగే సమయంలో. అంగీకరిస్తే కేసు చాలావరకు ఆ రోజే ముగిసిపోతుంది, తప్పు చేశామని తెలిసినప్పుడు ఒప్పుకోవడం గౌరవమైన పనే. అయితే, అలా అంగీకరించిన తరువాత శిక్ష పరిమాణం మీదనో, దాని చట్టబద్ధత మీదనో తప్ప అప్పీలు చేసుకునే వీలుండదని, మొదటి నేరమైనా జైలు శిక్ష పడే అవకాశం ఉందని, ఈ శిక్ష రికార్డులో నిలిచిపోతుందని ముందే తెలుసుకుని ఉండాలి. రీడింగు మీద, వైద్య పరీక్ష జరిగిన తీరు మీద నిజమైన సందేహం ఉన్నవారు నేరం అంగీకరించకుండా విచారణ కోరాలి. జరిమానా కట్టిన రసీదు, తీర్పు ధ్రువీకృత నకలు తప్పక తీసుకోవాలి.

లైసెన్సు

పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపుతారు. దానికి బదులుగా ఇచ్చే తాత్కాలిక రసీదుతో వాహనం నడపకూడదని 206వ సెక్షను స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియక రసీదు జేబులో పెట్టుకుని నడిపి మరో కేసులో చిక్కుకునే ప్రమాదం ఉంది. లైసెన్సింగ్ అధికారి అనర్హత ఉత్తర్వు (కొంతకాలం వాహనం నడపకూడదనే ఆదేశం) ఇచ్చే ముందు మీ వాదన వినాలి కాబట్టి, నోటీసు రాగానే రాతపూర్వకంగా జవాబివ్వాలి. నోటీసు లైసెన్సులో ఉన్న చిరునామాకే వస్తుంది. ఇల్లు మారినవారు ముందుగా చిరునామా సవరణకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ ఉత్తర్వుపై అప్పీలుకు గడువు అది అందిన నాటి నుంచి 30 రోజులు. శిక్ష పడితే కోర్టు కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా అనర్హత విధించాలని 20వ సెక్షను చెబుతోంది.

అనర్హత గడువు ముగిశాక ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అర్జీ ఇవ్వాలి. అందులో లైసెన్సు నంబరు, కేసు నంబరు, అనర్హత మొదలై ముగిసిన తేదీలు రాసి, తాత్కాలిక రసీదు, తీర్పు నకలు, జరిమానా రసీదు, ఆధార్ ప్రతి జతచేయాలి. డ్రైవర్ల పునశ్చరణ శిక్షణ పూర్తి చేయాలని 2019 సవరణ నిర్దేశించింది కనుక, ఆ శిక్షణ ఎక్కడ పొందాలో అదే కార్యాలయంలో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

అమెరికా వీసాకు దరఖాస్తు చేసేవారికి ఒక మాట. డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి ఉన్నది ఉన్నట్టు జవాబు రాసి, ఇంటర్వ్యూకు తీర్పు నకలు, రసీదు వెంట తీసుకువెళ్ళాలి.